కావలివారు నిద్రపోలేదు

(షోలాపురమునందు జరిగిన మన సంఘ కుటుంబ సమ్మేళనములో చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, తాతగారి నాటి కిరాణా అంగడిని నడుపుకొనుచున్న వర్తకులము. అట్టి మేము రొమ్ము క్యాన్సరును గూర్చియు, ఆ వ్యాధి కలిగినవారి దేహములో రోగనిరోధక కణములు నడచుకొను తీరును గూర్చియు మాటలాడబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. మా యింట జరిగిన యొక పొరపాటు మా చేత ఈ విషయమును చదివించినది. ఆ పొరపాటు మీ యిండ్లలో జరుగరాదని కోరి, మా అన్నగారి యనుమతితో దానిని ఇచ్చట చెప్పుచున్నాము. వారు ముందు వరుసలోనే కూర్చుండియున్నారు. రొమ్ము అను మాటను సభలో పలుకుట మర్యాద కాదని తలచు పెద్దలు మమ్ము క్షమింతురు గాక. ఆ మర్యాద వలన మా యింట జరిగిన నష్టమును విన్న పిదప వారే మమ్ము సమర్థింతురని నమ్ముచున్నాము.

నాలుగు సంవత్సరముల క్రిందట మా వదినగారికి ఎడమ రొమ్మునందు గోలీకాయంత గడ్డ చేతికి తగిలినది. నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమే కాదని ఆమె తలచిరి. వైద్యుని యొద్దకు పోవలెనన్న కుమారుని వెంట తీసికొని పోవలెను. ఆమెకు మరాఠీ బజారు మాట బాగుగనే వచ్చును. కూరగాయల బేరమైనను, బీడీల లెక్కయైనను తడబడక చెప్పగలిగెడివారు. కాని తన దేహమును గూర్చి పరభాషలో, అదియు కన్నకొడుకు నోట చెప్పించుట ఎట్లు? అందుచే ఊరకుండిరి.

కొన్ని దినములకు మా అంగడికి వచ్చి, ఒంట్లో నలతగా నున్నదని చెప్పి, రోగనిరోధక శక్తిని పెంచునని డబ్బా మీద వ్రాసియున్న యొక పొడిని అడిగిరి. మేమే బీరువానుండి తీసి చేతికిచ్చితిమి. ఇంటివారు గదా యని సొమ్మును తీసికొనలేదు. నలత యేమని మాత్రము అడుగలేదు. ఏడు నెలలు ఆమె ఆ పొడిని పాలలో కలుపుకొని త్రాగిరి. ఆ మీదట రొమ్ముపై చర్మము లోనికి లాగుకొని, చంకలో బిళ్ళ కట్టినప్పుడు గాని ఇంటి ఆడవారికి సంగతి తెలియలేదు.

ఆసుపత్రిలో సూదితో ముక్క తీసి పరీక్షించిరి. నివేదిక యంతయు ఇంగ్లీషులో నుండెను. అందొక వాక్యము మా దృష్టిని నిలిపినది. గడ్డ లోపల లింఫోసైట్లు అధికముగా చేరియున్నవని దాని భావము. లింఫోసైట్లనగా రోగముతో పోరాడు తెల్ల రక్తకణములని పాఠశాలలో చదివియుంటిమి. మన సంఘపు కుటుంబములోనివాడే యగు ఒక యువ వైద్యుని యొద్దకు ఆ కాగితమును తీసికొనిపోయి, "నాయనా, సైన్యము కోట లోపలికి వచ్చియే యున్నదట. మరి శత్రువు ఎట్లు బ్రదికియున్నాడు?" అని అడిగితిమి. అతడు కొంతసేపు మౌనముగా నుండి, "కాకా, ప్రపంచమందలి వైద్యులు ఎన్నో యేండ్లుగా అడుగుచున్న ప్రశ్న యిదియే. కూర్చొనుము, చెప్పెదను" అనెను. ఆ సాయంకాలము అతడు చెప్పినదియు, తరువాత మేము చదివి తెలిసికొనినదియు కలిపి మీ ముందుంచుచున్నాము.

ధాన్యపు అంగడిలో బస్తాల ముందు పళ్ళెములలో పిడికెడు నమూనా పోసియుంచుట మీరెల్లరు చూచినదే. కొనువాడు బస్తా విప్పనక్కరలేదు. పళ్ళెము చూచిన చాలును. మన దేహమందలి కణములును దాదాపుగా అన్నియు ఇట్లే చేయును. తమ లోపల తయారగు మాంసకృత్తుల చిన్న తునకలను తమ పైగోడ మీద నమూనాగా నిలిపియుంచును. టి-కణములను లింఫోసైట్లు తనిఖీదారులవలె దేహమంతయు తిరుగుచు ఆ నమూనాలను తడిమి చూచుచుండును. ఇంటి సరకైనచో విడిచి ముందుకు పోవును. పరాయి సరకు కనబడినచో, హంతక టి-కణము ఆ కణమునకు అంటుకొని, పెర్ఫోరిన్ అను పదార్థముతో దాని గోడకు చిల్లులు పొడిచి, గ్రాంజైములను పదార్థములను లోనికి పంపి దానిని చంపును.

క్యాన్సరు కణము బయటినుండి వచ్చిన శత్రువు కాదు. అది మన కణమే. దాని జన్యువులు చెడినవి. జన్యువులు చెడినందున దాని మాంసకృత్తులలో కొన్ని మారును. పళ్ళెములోని నమూనాయు కొంత మారును. ఆ కొద్దిపాటి మార్పును పట్టుకొనుటయే తనిఖీదారుల పని. మన దేహము ఇట్టి చెడిన కణములను ఎప్పటికప్పుడు అణచివేయుచుండవచ్చునని 1909లోనే జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ ఊహించెను. ఆ ఊహ నిజమేయని తరువాతి పరిశోధనలు బలపరచినవి.

ఇక రొమ్ములో గడ్డ పుట్టినప్పుడు ఏమి జరుగును? డెండ్రైటిక్ కణములనునవి వార్తాహరులు. అవి గడ్డనుండి మారిన సరకు తునకలను తీసికొని, చంకలోని శోషరస గ్రంథులకు చేర్చును. మనవారు బిళ్ళలనునవి ఆ గ్రంథులే. అచ్చటనే టి-కణములు శత్రువును గుర్తించుట నేర్చి, సంఖ్యలో పెరిగి, రక్తమార్గమున గడ్డలోనికి ప్రవేశించును. మా వదినగారి నివేదికలో కనబడిన లింఫోసైట్లు ఇట్లు వచ్చినవే. కావున కావలివారు నిద్రపోలేదు. వారు శత్రువును గుర్తించిరి, లోనికి వచ్చిరి. వచ్చిన తరువాత వారి చేతులు కట్టుబడినవి. ఎట్లు కట్టుబడినవో వినుడు.

మొదటి ఉపాయము, పళ్ళెమును ఎత్తివేయుట. కొన్ని క్యాన్సరు కణములు తమ గోడమీది నమూనాలను తగ్గించుకొనును. నమూనా లేనిచో టి-కణమునకు తనిఖీ చేయుటకు ఏమియు దొరకదు. దీనికిని దేహములో విరుగుడు కలదు. సహజ హంతక కణములను మరియొక జాతి లింఫోసైట్లు, పళ్ళెము లేని అంగడినే అనుమానించి దానిపై బడును. కాని గడ్డ లోపలి వాతావరణములో అవియు తరచుగా బలహీనపడును.

రెండవ ఉపాయము, చేయి పట్టి ఆపుట. టి-కణము మీద పి.డి.-1 అను ఒక గొళ్ళెము వంటిది కలదు. దానిని నొక్కినచో కణము దాడిని ఆపివేయును. పోరాటము ముగిసిన పిదప సైన్యము సొంత ఊరిని కాల్చకుండుటకై దేహము చేసికొనిన ఏర్పాటు ఇది. క్యాన్సరు కణములును, వాటి చుట్టుప్రక్కల కణములును ఆ గొళ్ళెమును నొక్కు వ్రేలిని పైకి చాచును. చాల కాలము అట్లు నొక్కబడి, శత్రువును ఎదుట చూచుచునే ఏమియు చేయలేక, టి-కణములు అలసిపోవును. జపానులోని క్యోటోలో తసుకు హోంజో బృందము 1992లో పి.డి.-1ను కనుగొనినది. ఇట్టిదే మరియొక గొళ్ళెమును గూర్చి అమెరికాలో జేమ్స్ ఆలిసన్ పనిచేసెను. వీరిరువురకు 2018లో నోబెల్ బహుమానము వచ్చినది.

మూడవది, సర్దుబాటు చేయు పెద్దమనుషులు. టి-కణములలోనే నియంత్రక టి-కణములను ఒక తెగ కలదు. పోట్లాటను చల్లార్చుట వాటి వృత్తి. ఇవి లేనిచో మన కణములే మన అవయవములపై బడును. జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి 1995లో వీటిని వెల్లడించెను. ఆయనకును, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనువారికిని 2025లో నోబెల్ బహుమానము నిచ్చిరి. రొమ్ము గడ్డ ఈ పెద్దమనుషులను తన చుట్టును చేర్చుకొనును. వారు దొంగయింటి గుమ్మములో నిలిచి, పట్టుకొనవచ్చినవారికి శాంతి బోధింతురు.

నాలుగవది అన్నిటికంటె వింతయైనది. మాక్రోఫేజులను పెద్ద కణములు దేహములో చెత్తను మ్రింగును, గాయములను మాన్పును. గాయమైనచోట క్రొత్త రక్తనాళములు పుట్టించుటకును, కణజాలమును తిరిగి కట్టుటకును ఇవి తోడ్పడును. 1986లో హెరాల్డ్ డ్వోరాక్ అను అమెరికా వైద్యుడు క్యాన్సరు గడ్డను మానని గాయముతో పోల్చెను. మాక్రోఫేజులు గడ్డను గాయమనుకొని సేవ చేయును. రక్తనాళములు కల్పించి దానికి ఆహారము నందించును. క్యాన్సరు కణములు రక్తములోనికి జారుకొనుటకును దారి చూపును. కాపాడవలసినవారే తెలియక కూలివారై శత్రువుకు ఇల్లు కట్టుచున్నారన్నమాట.

అన్ని రొమ్ము క్యాన్సరులు ఒక్కటి కావు. స్త్రీ హార్మోనులకు స్పందించు రకము అధికముగా కనబడును. అందు సామాన్యముగా లింఫోసైట్లు తక్కువగా నుండును. హెర్-2 అను మాంసకృత్తి అధికముగా గల రకమునందును, హార్మోను గ్రాహకములును హెర్-2యు లేని ట్రిపుల్ నెగటివ్ అను రకమునందును ఇవి ఎక్కువగా చేరును. ఈ రెండు రకములలో గడ్డలోని లింఫోసైట్లు ఎంత హెచ్చుగా నున్న, చికిత్సకు అంత బాగుగా లొంగుననియు, రోగి బాగుపడు అవకాశము అంత హెచ్చుననియు పెక్కు పరిశోధనలలో తేలినది. మా వదినగారిది ట్రిపుల్ నెగటివ్ రకము. అనగా ఆమె దేహములోని సైన్యము మంచి సైన్యమే. ఆ సంగతి తెలిసిన దినమున మా మనస్సునకు ఊరట కలుగలేదు. అట్టి సైన్యము గలవారిని ఏడు నెలలు ఒంటరిగా పోరాడ విడిచితిమను బాధ హెచ్చినది.

కట్టిన చేతులను విప్పు మార్గములు నేడు కొన్ని కలవు. హెర్-2 రకమునకు ట్రస్టుజుమాబ్ అను మందు 1998నుండి అమెరికాలో వాడుకలోనికి వచ్చినది. అది క్యాన్సరు కణమునకు అంటుకొని దాని పెరుగుదలను ఆపుటయే గాక, సహజ హంతక కణములకు గుర్తు చూపును. పి.డి.-1 గొళ్ళెమును నొక్కనీయక కాపాడు పెంబ్రోలిజుమాబ్ అను మందును, ఇంకను దూరము ప్రాకని, ప్రమాదకరమగు ట్రిపుల్ నెగటివ్ క్యాన్సరుకు కీమోథెరపీతో కలిపి యిచ్చుటకు అమెరికా ప్రభుత్వ సంస్థ 2021లో అనుమతించెను. దానికి ఆధారమైన పరీక్షలో, అయిదు సంవత్సరముల తరువాత ఈ మందును పొందినవారిలో నూటికి సుమారు 87 మందియు, కీమోథెరపీ మాత్రమే పొందినవారిలో నూటికి సుమారు 82 మందియు జీవించియుండిరి. నూటికి అయిదుగురు తల్లులు ఇంట మిగులుట చిన్న సంగతి కాదు. కాని ఆ మందు ఖరీదు సామాన్య కుటుంబమునకు భరింపరానిది. గొళ్ళెము తీసిన సైన్యము ఒక్కొక్కప్పుడు సొంత అవయవములపైకి పోవును. థైరాయిడు గ్రంథి, ప్రేగులు, ఊపిరితిత్తులు దెబ్బతిను ప్రమాదము కలదు. థైరాయిడు చెడినచో జీవితాంతము మాత్రలు వాడవలసి రావచ్చును.

ఇచ్చట మా అంగడి పొడి సంగతికి వత్తము. డబ్బా మీద రోగనిరోధక శక్తిని పెంచునని వ్రాసియున్నది. ఆ శక్తి యనునది తక్కెడలో హెచ్చు తగ్గులుగా తూచు ఒక్క సరకువలె నున్నదని మేమును నమ్మితిమి. అది అట్టిది కాదు. అందు చంపు కణములు కలవు, ఆపు కణములు కలవు, శత్రువుకు తెలియక సాయము చేయు కణములును కలవు. పొడి పెంచునదే నిజమనుకొన్నను, వీటిలో దేనిని పెంచును? గడ్డ ముందు చేతులు కట్టుకొని నిలిచిన సైన్యమునకు బియ్యపు బస్తాలు పంపిన నేమి లాభము? పోనీ, నష్టము లేదు గదా యని కొందరందురు. కీమోథెరపీ జరుగుచుండగా వైద్యునికి చెప్పక వాడు మూలికలు, పొడులు ఆ మందుల పనిని చెరుపవచ్చును, కాలేయమునకు భారము కావచ్చును. అన్నిటికంటె పెద్ద నష్టము కాలము. పొడి త్రాగుచున్నంతకాలము చికిత్స జరుగుచున్నదను తృప్తి మనస్సునకు కలుగును. వైద్యుని యొద్దకు పోవు కాలు ఆగిపోవును.

వదినగారికి వ్యాధి తెలిసిన నాటికి అది కాలేయమునకు ప్రాకియుండెను. పదునాలుగు నెలలు చికిత్స పొంది ఆమె గతించిరి. ఏడు నెలలు ముందు పోయియున్నచో బ్రదికెడివారేయని ప్రమాణము చేసి చెప్పగల వైద్యుడు లేడు. గడ్డ చిన్నదై, రొమ్మునందే యున్నప్పుడు చికిత్సకు అవకాశములు చాల హెచ్చని మాత్రము చెప్పని వైద్యుడును లేడు. ఆ డబ్బాలను మేము అంగడినుండి తీసివేసితిమి. మన వర్తక సోదరులు పలువురు ఈ సభలో నున్నారు. ఎవరైనను ఒంట్లో నలతయని అట్టి పొడిని అడుగవచ్చినచో, ముందుగా ఏమి నలతయో అడుగుడు. ఆడవారైనచో మీ యింటి ఆడవారి చేత అడిగింపుడు. బేరము పోయినను పోనిండు.

ఇది ఎక్కడనో దూరదేశపు వ్యాధి కాదు. ప్రపంచమునందు 2022లో సుమారు 23 లక్షల మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సరు క్రొత్తగా కనబడినట్లు అంచనా వేసిరి. మన దేశమునందు ఆ సంవత్సరము సుమారు 1 లక్షా 92 వేల మందికి వచ్చినది. సుమారు 98 వేల మంది మరణించిరి. మన దేశపు స్త్రీలలో క్యాన్సరులన్నిటిలోను ఇదియే మొదటి స్థానమున నున్నది. మన జిల్లాలోని బార్శీ గ్రామీణ ప్రాంతములో 1987నుండి క్యాన్సరు రోగుల లెక్కను గ్రామ గ్రామమున వ్రాయుచున్నారు. దేశములో పల్లెల కొరకు ఏర్పడిన మొదటి లెక్క అదియే. కాబట్టి ఈ విషయములో మన జిల్లా దేశమునకు దారి చూపినదని చెప్పుకొనవచ్చును.

బీదవారము, యంత్రములు మనకు అందుబాటులో లేవని నిరాశ పడవలదు. బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రివారు 1998లో ఒక పెద్ద పరీక్ష ప్రారంభించిరి. 35 మొదలు 64 సంవత్సరముల వయస్సుగల లక్షన్నరకు పైబడిన స్త్రీలను రెండు భాగములు చేసి, ఒక భాగమువారిని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త్రులు రెండేండ్లకొకసారి చేతితో తడిమి పరీక్షించిరి. ఇట్లు నాలుగు పర్యాయములు జరిగినది. ఇరువది సంవత్సరముల ఫలితమును 2021లో ప్రకటించిరి. పరీక్ష పొందినవారిలో గడ్డలు ముందుగానే బయటపడినవి. 50 సంవత్సరములు దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సరు మరణములు నూటికి 30 వంతులకు దగ్గరగా తగ్గినవి. అంతకు చిన్న వయస్సువారిలో అట్టి తగ్గుదల స్పష్టముగా కనబడలేదు. ఆ పనికి కావలసినది నేర్పుగల చేయి మాత్రమే.

మందులనిన విషములని భయపడువారికి ఒక మాట. 1895లో భీమవరమున పుట్టిన మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో చేసిన కృషినుండి మెథోట్రెక్సేట్ అను మందు వచ్చినది. ఇటలీలోని మిలాను నగరపు వైద్యుడు బొనడొన్నా, శస్త్రచికిత్స తరువాత ఆ మందుతో మరి రెండింటిని చేర్చి యిచ్చినచో రొమ్ము క్యాన్సరు తిరిగి వచ్చుట తగ్గునని 1976లో చూపెను. అనేక సంవత్సరములు లోకమంతట స్త్రీలు ఆ చికిత్స పొందిరి. కీమోథెరపీ కాలమున తెల్ల కణములు తగ్గును. అప్పుడు జ్వరము 100.4 డిగ్రీలకు చేరిన, తెల్లవారువరకు ఆగక, ఇంటి మందు వేయక, వెంటనే ఆసుపత్రికి పోవలెను. రోగనిరోధక కణములు నిజముగా బలహీనపడు సమయము అది.

తల్లులారా, రొమ్ముననో చంకలోనో గడ్డ తగిలినను, చర్మము సొట్టపడినను, నారింజ తొక్కవలె గరుకుబారినను, చనుమొన లోనికి పోయినను, దానినుండి నెత్తురు కారినను, నొప్పి లేదని ఊరకుండవలదు. గడ్డలలో అధిక భాగము క్యాన్సరు కావు. అది కాదని తేల్చుకొనుటకైనను పోవలెను గదా.

చివర మన సంఘమునకు ఒక విన్నపము. మనము తరతరములుగా ఈ నేలమీద నున్నాము. బడిలో తెలుగు నిలువవలెనని, పత్రము నడువవలెనని పాటుపడుచున్నాము. అది ఉచితమే. కాని మన ముసలితల్లి తన దేహములోని బాధను తన మాటలో, ఒక ఆడుదానితో చెప్పుకొను ఏర్పాటును మనము చేయలేదు. మా వదినగారికి భాష తెలియక కాదు, ఆ మాట చెప్పుకొనుటకు మనిషి లేక ఏడు నెలలు గడచినవి. తెలుగును మరాఠీని ఎరిగిన పదుగురు స్త్రీలు ముందుకు రావలెను. కొడుకునకు బదులుగా వారు తల్లి వెంట వైద్యుని యొద్దకు పోవలెను. రెండేండ్లకొకసారి మన కల్యాణ మంటపములో, నేర్పుగల నర్సుల చేత స్త్రీలకు పరీక్ష జరుపవలెను. మొదటి పర్యాయపు ఖర్చు మా అంగడి భరించును. మా కోడలు మొదటి పేరుగా తన పేరు వ్రాయించినది. పుస్తకము ద్వారము వద్ద నున్నది.

దేహములోని కావలివారు తమ పని తాము చేయుచునే యున్నారు. వారి చేతులు కట్టుబడినప్పుడు విప్పుటకు వైద్యుడు కలడు. ఆ వైద్యుని యొద్దకు సకాలమున చేర్చుట మాత్రము మన పని.